రాతినార ధూళి: పని మానినా వదలని ముప్పు

రాయి నుండి దారం తీసి బట్ట నేయవచ్చునంటే వినేవారికి వింతగా తోస్తుంది. కాని ప్రకృతిలో అటువంటి రాయి ఉన్నది. దానిని తెలుగులో రాతినార అంటారు. లోకవ్యవహారంలో ఆస్‌బెస్టాస్ అన్న పేరు స్థిరపడింది. ఆ పేరుకు మూలమైన గ్రీకు పదానికి ‘ఆరనిది’ అని అర్థం. రాతినార నిప్పులో కాలదు, కుళ్ళదు, తుప్పు పట్టదు. వేడిని సులభంగా దాటనీయదు. ఇన్ని సుగుణాలు ఉండబట్టే ఇరవయ్యవ శతాబ్దంలో అది ఓడలలో, కర్మాగారాల బాయిలర్లలో, వాహనాల బ్రేకులలో, ఇండ్ల కప్పులలో చోటు చేసుకున్నది. దానితో పనిచేసిన వారి ప్రాణాలు తీసినది కూడా అదే. వృత్తిరీత్యా రాతినార ధూళికి లోనైన కారణంగా ఏటా 2 లక్షల మందికి పైగా మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఈ ముప్పులోని విశేషం దాని ఆలస్యం. ధూళి పీల్చిన నాడు దగ్గు కూడా రాకపోవచ్చు. వ్యాధి బయటపడేది 20, 30, ఒక్కొక్కప్పుడు 40 సంవత్సరాల తరువాత. అప్పటికి కార్మికుడు ఆ పని మాని ఉండవచ్చు; ఊరు విడిచి, దేశమే విడిచి ఉండవచ్చు. కావున ప్రవాస తెలుగు కుటుంబాలకు ఈ విషయంతో ప్రత్యేకమైన సంబంధం ఉన్నది.

నార నిర్మాణం

రాతినార ఒకే ఖనిజం కాదు. ఆరు సిలికేట్ ఖనిజాలకు వాణిజ్యరంగం పెట్టిన ఉమ్మడి పేరు. వీటిలో క్రిసోటైల్ అనే తెల్ల రాతినార సర్పెంటైన్ వర్గానికి చెందినది. మిగిలిన ఐదూ ఆంఫిబోల్ వర్గానివి. నీలిరంగు క్రొసిడొలైట్, గోధుమరంగు ఎమొసైట్ వాటిలో ముఖ్యమైనవి. ప్రపంచం వాడిన రాతినారలో నూటికి తొంభై పాళ్ళకు పైగా క్రిసోటైలే.

క్రిసోటైల్‌లో సిలికా పొర ఒకటి, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ పొర ఒకటి జంటగా అతుక్కొని ఉంటాయి. ఈ రెండింటి కొలతలు సరిగా కలియవు. మెగ్నీషియం పొర కొంచెం పెద్దది కావడంతో, అది వెలుపలి వైపుకు వచ్చేటట్లు ఆ జంట చాపవలె చుట్టుకుపోతుంది. ఆ సన్నని చుట్టయే నారపోగు. ఆంఫిబోల్ నార ఇట్లు చుట్టుకోదు. సూదివలె తిన్నగా ఉంటుంది. రాతినారను కోసినా, దంచినా పోగులు నిలువునా చీలి మరింత సన్నని పోగులవుతాయి. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు కాగా, ఈ పోగుల మందం ఒక మైక్రాన్‌లో చిన్న భాగం మాత్రమే కావచ్చు. అవి కంటికి కనిపించవు. గాలిలో గంటల తరబడి తేలియాడుతాయి.

శరీరంలో జరిగేది

మామూలు దుమ్మును ముక్కు, శ్వాసనాళాలు చాలావరకు అడ్డగిస్తాయి. సన్నని నారపోగు గాలితో పాటే సాగిపోయి ఊపిరితిత్తుల చివర ఉండే వాయుగోణులను చేరుతుంది. అక్కడ కాపలా కాసే భక్షక కణాలు లోనికి వచ్చిన రేణువులను మింగి తొలగిస్తాయి. అయితే ఆ కణం కన్నా పొడవైన పోగు ఎదురైనప్పుడు దానిని పూర్తిగా మింగలేదు, విడిచిపెట్టలేదు. ఆ పెనుగులాటలో కణం నుండి తీవ్రమైన ఆక్సీకరణ పదార్థాలు వెలువడి చుట్టుపక్కల కణజాలాన్ని గాయపరుస్తాయి. క్రొసిడొలైట్, ఎమొసైట్‌లలోని ఇనుము ఈ చర్యను ఇంకా పెంచుతుంది. గాయం, వాపు, మానుదల, మళ్ళీ గాయం - ఇట్లు సంవత్సరాల తరబడి సాగగా కణాలలోని జన్యుపదార్థం దెబ్బతింటుంది.

దీని ఫలితాలు ముఖ్యంగా మూడు. మొదటిది ఆస్‌బెస్టోసిస్: ఊపిరితిత్తులు మచ్చకట్టి బిరుసెక్కి, క్రమంగా ఆయాసం పెరుగుతుంది. రెండవది ఊపిరితిత్తుల క్యాన్సర్. మూడవది మీసోథీలియోమా: ఊపిరితిత్తులను గాని, ఉదరాన్ని గాని కప్పి ఉంచే పలుచని పొరకు వచ్చే క్యాన్సర్. ఇది అరుదైనదే అయినా, బయటపడిన తరువాత రెండేళ్ళు దాటి జీవించేవారు తక్కువ. స్వరపేటిక, అండాశయ క్యాన్సర్లకు కూడా రాతినార కారణమవుతుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. క్రిసోటైల్ ఊపిరితిత్తులలో ఆంఫిబోల్ అంతకాలం నిలువదన్న మాట నిజమే. కాని ఆ సంస్థ క్యాన్సర్ కారకాల జాబితాలో ఆరు రకాలూ ఉన్నాయి.

సాక్ష్యం కూడిన తీరు

1924లో ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణంలో నెల్లీ కెర్షా అనే స్త్రీ 33 ఏళ్ళ వయస్సులో మరణించింది. ఆమె రాతినారను నూలుగా వడికే పనిలో ఉండేది. ఆమె ఊపిరితిత్తులను సూక్ష్మదర్శినితో పరీక్షించిన డాక్టర్ విలియం కుక్ వాటిలో ఖనిజ కణాలను కనుగొని, ఆ వివరాలను వైద్య పత్రికలో ప్రకటించాడు. 1931లో బ్రిటన్ ఈ పరిశ్రమలో ధూళి నివారణకు నిబంధనలు చేసింది.

1955లో రిచర్డ్ డాల్ రోచ్‌డేల్ కార్మికుల మరణాలను పరిశీలించి, 20 ఏళ్ళు అంతకు మించి ధూళిలో పనిచేసిన వారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు సాధారణ జనం కంటే సుమారు 10 రెట్లని చూపాడు. 1960లో దక్షిణాఫ్రికాకు చెందిన వాగ్నర్, ఆయన సహచరులు 33 మంది మీసోథీలియోమా రోగుల వృత్తాంతాలను వెల్లడించారు. ఒక్కరు తప్ప అందరికీ నీలి రాతినారతో ఏదో విధమైన సంబంధం ఉన్నది. వారిలో కొందరు గనిలో ఎన్నడూ పనిచేయలేదు. బాల్యంలో గనుల పరిసరాలలో పెరిగారు, అంతే.

అమెరికాలో సెలికాఫ్, హామండ్ ప్రభృతులు సుమారు 17,800 మంది ఇన్సులేషన్ కార్మికులను 1967 నుండి 1976 వరకు గమనించారు. ధూళికి గాని పొగకు గాని లోనుకాని వానికి ఊపిరితిత్తుల క్యాన్సర్ వల్ల మరణించే ముప్పు 1 అనుకుంటే, రాతినార ధూళి మాత్రమే పీల్చిన వానికి 5, పొగ మాత్రమే త్రాగిన వానికి 11, రెండూ ఉన్న వానికి 53 అని వారి లెక్కలలో తేలింది. రెండు ముప్పులూ కలిసినప్పుడు కూడికగా కాక, దాదాపు గుణకారంగా పెరిగాయన్నమాట. ధూళిలో పనిచేసినవాడు పొగ మానడం ఎంత అవసరమో ఈ అంకెలే చెబుతాయి. మీసోథీలియోమాకు మాత్రం పొగత్రాగడంతో నిమిత్తం లేదు.

ఇంటికి వచ్చిన ధూళి

1965లో న్యూహౌస్, థాంప్సన్ అనే పరిశోధకులు లండన్‌లోని ఒక ఆసుపత్రికి చెందిన 76 మంది మీసోథీలియోమా రోగుల జీవిత వివరాలు సేకరించారు. వారిలో 40 మంది రాతినార పనిలో ఉన్నవారు, లేదా అటువంటి కార్మికునితో ఒకే ఇంట నివసించినవారు. భర్త పనిబట్టలు దులిపి ఉతికిన ఇల్లాలు కర్మాగారం గడప తొక్కకుండానే ఆ ధూళి పీల్చింది. పనిబట్టలను పనిచోటనే విడిచి, స్నానం చేసి ఇంటికి రావాలన్న నియమం వెనుక ఇటువంటి అనుభవాలున్నాయి.

పరిమితి, దాని అర్థం

అమెరికాలో 1971లో పనిచోటి గాలిలో ఘన సెంటీమీటరుకు 12 పోగుల వరకు అనుమతించారు. ఆ పరిమితి క్రమంగా తగ్గి 1994లో 0.1కి వచ్చింది. ఎనిమిది గంటల పనిలో మనిషి సుమారు 10 ఘన మీటర్ల గాలి పీలుస్తాడు. ఆ లెక్కన తొలి పరిమితిలో రోజుకు 12 కోట్ల పోగులు, తరువాతి పరిమితిలో 10 లక్షల పోగులు లోనికి పోవచ్చు. పరిమితి ముప్పును తగ్గిస్తుందే గాని తొలగించదు. అందుకే బ్రిటన్ 1999లో, దక్షిణాఫ్రికా 2008లో రాతినార వాడకాన్ని నిషేధించాయి. అమెరికా ప్రభుత్వం 2024 మార్చిలో క్రిసోటైల్‌ను నిషేధిస్తూ నిబంధన వెలువరించింది.

తెలుగునాట

కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో క్రిసోటైల్ నిక్షేపాలున్నాయి. అక్కడ గనులు సాగాయి. 1986 నుండి భారత ప్రభుత్వం రాతినార తవ్వకానికి కొత్త లీజులివ్వడం ఆపింది. అయినా దిగుమతి చేసుకున్న నారతో సిమెంటు రేకుల తయారీ కొనసాగింది. 1995 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, ప్రతి కార్మికుని ఆరోగ్య వివరాలను అతడు పనిలో చేరిన నాటి నుండి 40 ఏళ్ళు, లేదా పని మానిన నాటి నుండి 15 ఏళ్ళు - ఏది ఎక్కువైతే అంతవరకు - భద్రపరచాలని ఆదేశించింది. వ్యాధి ఎంత ఆలస్యంగా వస్తుందో గుర్తించి చేసిన ఆదేశమిది.

కుటుంబాలు చేయదగినవి

గనిలో, రేకుల కర్మాగారంలో, ఓడల నిర్మాణంలో, బాయిలర్ల వద్ద, బ్రేకుల మరమ్మతులో పనిచేసి పిల్లల వద్దకు వచ్చిన తల్లిదండ్రులు ఎందరో ఉంటారు. అమెరికాలోనో, గల్ఫ్‌లోనో వారిని పరీక్షించే వైద్యునికి ఆ సంగతి తెలిసే అవకాశం లేదు. ఆయాసం, విడువని దగ్గు, ఛాతీలో నొప్పి కనబడినప్పుడు వయస్సు మీద పడిందని సరిపెట్టుకోరాదు. ఏ పని, ఏ సంవత్సరం నుండి ఏ సంవత్సరం వరకు, ఎంత ధూళిలో చేశారో అడిగి తెలుసుకొని, కాగితంపై వ్రాసి వైద్యునికి ఇవ్వాలి. ఆ పనిబట్టలు ఉతికిన తల్లి వివరాలు కూడా వ్రాయాలి.

ఇల్లు కొన్నవారికి మరొక జాగ్రత్త. అమెరికాలో 1980కి పూర్వం కట్టిన ఇండ్లలో గొట్టాల చుట్టలోను, నేలపలకలలోను, గరుకు పూత గల పైకప్పులలోను రాతినార ఉండవచ్చు. అటకపై గులకలవలె పోసిన వెర్మిక్యులైట్ కూడా అనుమానించదగినదే. మోంటానా రాష్ట్రంలోని లిబ్బీ గని నుండి 1990 వరకు వచ్చిన ఆ ఖనిజంలో రాతినార కలిసి ఉన్నది. కదిలించకుండా, చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు దానివల్ల భయం తక్కువ. రంపంతో కోయడం, గీకడం, పొడిగా ఊడ్చడం, ఇంటి వాక్యూమ్‌తో పీల్చడం చేయరాదు. మరమ్మతుకు ముందు అనుమతి పొందిన నిపుణుని చేత పరీక్ష చేయించాలి. స్వదేశంలో పాత రేకులు మార్పించేవారు కూడా వాటిని పగులగొట్టించక, నీటితో తడిపించి నిండు రేకులుగానే దింపించాలి.

ఊపిరితిత్తులలో నాటుకున్న పోగును వెలికి తీసే మందు లేదు. చేయగలిగినవి కొత్త ధూళి పీల్చకుండా చూడడం, పొగ మానడం, ఎప్పుడో చేసిన పనిని మరువకుండా వైద్యునికి చెప్పడం. మూడవ దానికి కావలసినది ఒక కాగితం, తల్లిదండ్రులతో ఒక సాయంత్రం.