మన చెలక మట్టికి ఒక లెక్క



గూడూరు, కొత్తగూడ దిక్కు మనోళ్ల చెలకలు చాలా వరకు వాలు మీదనే ఉంటయి. గట్టి వాన పడితే ఒర్రెల నీళ్లు ఎర్రగ పారుతయి. ఆ ఎరుపు మన మట్టే. దీనినే నేల కోత అంటారు.

ఎంత పోతుంది?
మన దేశంలో ఏటా హెక్టారుకు సగటున 16.4 టన్నుల మట్టి పోతున్నదని 1983లో శాస్త్రవేత్తలు అంచనా వేసిండ్రు. హెక్టారు అంటే సుమారు రెండున్నర ఎకరాలు. అంత మట్టి పోయినా నేల మందం తగ్గేది ఒక మిల్లీమీటరు కంటే కొంచెమే ఎక్కువ. అందుకే కంటికి కనబడదు. కానీ సారం ఉండేది ఆ పైపొరలోనే.

పోయిన మట్టి చెరువుల్లో పూడికగా చేరుతుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో ఆ పూడిక తీస్తే రైతులు ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నరు. అంటే పోయిన మట్టినే కిరాయి పెట్టి తెచ్చుకున్నట్టు!

లెక్క ఎట్ల కడతరు?
అమెరికా శాస్త్రవేత్తలు విష్‌మైయర్, స్మిత్ 1965లో ఒక సూత్రం ప్రచురించిండ్రు. అందులో
1. వాన జోరు
2. మట్టి గుణం
3. వాలు, దాని పొడవు
4. నేలను కప్పే పంట
5. మట్టిని ఆపే పని
వీటికి అంకెలు ఇచ్చి గుణిస్తరు. ఇప్పుడు ఆ గుణకారం కంప్యూటర్ చేస్తుంది. ఉపగ్రహ చిత్రాల నుండి వాలు, పచ్చదనం తీసుకొని, ఎక్కడ ఎక్కువ మట్టి పోతుందో పటంలో రంగులతో చూపిస్తుంది. దీనినే కంప్యూటర్ మోడల్ అంటారు. ఏ చోట ముందు కట్ట వేయాలో దీనితో తెలుస్తుంది. ఒర్రెలు తెగి పోయే మట్టి మాత్రం ఈ సూత్రంలోకి రాదు.

మన చేతిల ఏమున్నది?
వానను ఆపలేము. మట్టి గుణం మార్చలేము. చివరి రెండు అంకెలు మనవే. 3 నుండి 8 శాతం వాలున్న చోట, వాలు మరీ పొడుగు లేకుంటే, అడ్డంగ దున్నితే చివరి అంకె 1 నుండి 0.5కు తగ్గుతుంది.
ఉదా: 16 × 0.5 = 8 టన్నులు.
సగం మట్టి మిగిలింది!

మా నాయనకు చెప్తే, "మన చెలక పొడుగు కిందికున్నది. అడ్డం దున్నితే ఎడ్లను మాటిమాటికి మలుపాలె" అన్నడు. అది కూడా నిజమే. నోటుబుక్కుల ఈ గుణకారం చేసి చూపించిన. "కింది సగం అడ్డం దున్ని చూద్దాం" అన్నడు.

సెలవులకు పోయినప్పుడు మీరు కూడా మేస్త్రీల నీళ్ల పైపుతో వాలు కొలవండి. 100 అడుగుల దూరంలో 4 అడుగులు దిగితే 4 శాతం. మీ అంకెలు తెస్తే అందరివి కలిపి ఈ గోడ మీదనే పట్టిక వేద్దాం.

— 9వ తరగతి విద్యార్థిని