రాతకు సెలవు ఎవరిస్తారు?

"అక్కా, మీకు రాసుకునేదానికి టైం యాడ దొరుకుతాది?"

చిత్తూరు నుంచి తిరుపతికి వచ్చే బస్సులో పక్క సీటు టీచరమ్మ అడిగింది. రోజూ 70 కిలోమీటర్లు అటు, 70 ఇటు తిరిగే మనిషి. ఈ ప్రశ్నకు చాన్నాళ్లు నేను "తెల్లారుజామున నాలుగుకే లేస్తాను" అని గొప్పగా చెప్పేదాన్ని. అసలు సంగతి, నాలుగుకు లేచిన రోజుల్లో సగం కొళాయి నీళ్లు పట్టడానికే సరిపోయేవి.

టైం దొరకదు పాపా. అడిగి తీసుకోవాల. ఆఫీసులో అర పూట సెలవు కావాలన్నా చీటీ రాస్తాం కదా, ఇంట్లో మాత్రం నోరు తెరవం. "కొంచెం వీలుంటే రాసుకుంటా" అంటే ఆ వీలు కాస్తా ఎవరి చొక్కా ఇస్త్రీకో పోతుంది. "మంగళ, గురు, శని, రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా నన్ను పిలవొద్దు" అని రోజులూ గంటలూ పేరుపెట్టి చెప్పాలి. కొన్నాళ్లు అలుగుతారు. ఒకరోజు పాలు పొంగిపోతాయి. లేచి వెళ్లి పొయ్యి ఆర్పారంటే మళ్లీ మొదటికే వస్తుంది వ్యవహారం.

చోటు సంగతీ అంతే. మన సీమ ఆడమనిషి దీన్ని ఎప్పుడో కనిపెట్టింది. గుర్రంకొండ పక్కన తరిగొండలో 1730లో పుట్టిన వెంగమాంబ బాలవితంతువు. తల గొరిగించుకోనని ఎదురు తిరిగింది. ఊళ్లో పోరు పడలేక తిరుమల చేరింది. అక్కడా నెమ్మది లేకపోతే తుంబురుకోనకు వెళ్లి ఏకాంతంగా ఉందని చెప్పుకుంటారు. వేంకటాచల మాహాత్మ్యం, ద్విపద భాగవతం, యక్షగానాలు, శతకాలు... ఇంత రాసిన మనిషికి కావలసిందల్లా ఎవరూ తలుపు తట్టని చోటు. 2011లో తిరుమలలో తెరిచిన అన్నప్రసాద కేంద్రానికి ఆమె పేరే పెట్టారు. ఆమె పేరున అన్నం తిన్నవాళ్లలో ఆమె పుస్తకం తెరిచినవాళ్లు ఎందరో నాకు అనుమానమే.

మీరు కోనకు పోనక్కర్లేదు. యూనివర్సిటీ లైబ్రరీ, మీ ఊరి శాఖా గ్రంథాలయం, స్కూల్లో పిల్లలు వెళ్లిపోయాక ఖాళీగా ఉండే స్టాఫ్ రూమ్, ఏదో ఒకటి చాలు. ఇంటికి వెళ్లి రాస్తాననుకుంటే మాత్రం ఆ రోజు రాయరు. గడప దాటగానే "అమ్మా, ఆకలి" అంటారు, అదీ వాళ్ల తప్పు కాదు.

ఉద్యోగం వల్లే రాయలేకపోతున్నామన్న మాట కూడా పూర్తిగా నమ్మకండి. నిడదవోలు మాలతి 1973లో అమెరికా వెళ్లకముందు ఇదే తిరుపతిలో, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం లైబ్రరీలో పని చేస్తూ కథలు రాశారు. 1950 నుంచి 1975 దాకా తెలుగు రచయిత్రుల మీద తర్వాత ఇంగ్లీషులో పుస్తకమే రాశారు. రచయిత్రి అబ్బూరి ఛాయాదేవి ఢిల్లీలో జేఎన్‌యూ లైబ్రరీలో పని చేశారు. (ఇద్దరూ లైబ్రరీవాళ్లే, అందరికీ ఆ ఉద్యోగం రాదు కదా అంటారేమో. అనండి.) పి. సత్యవతి ఇంగ్లీషు లెక్చరర్‌గా పని చేశారు. 'ఇల్లలకగానే' కథలో ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోయిన ఇల్లాలిని చూపించారు. జీతం రాళ్లతో పాటు ఉద్యోగం ఇచ్చేది ఇంకొకటుంది. రోజుకొకసారైనా హాజరు పట్టీలో మన పేరు మనమే రాసుకుంటాం.

ఇక ఏం రాయాలన్నది. చిత్తూరు జిల్లాలో 2001లో 'నవోదయం' అనే పత్రిక మొదలైంది. నడిపింది పొదుపు సంఘాల పల్లె ఆడవాళ్లు. విలేకరులూ వాళ్లే. పెద్ద చదువులు చదివి వచ్చినవాళ్లు కారు. తమ ఊళ్లో జరిగేదే వాళ్లకు వార్త. "నాకు ప్రేరణ రావడం లేదు" అని ఎవరైనా అంటే నాకు వీళ్లే గుర్తొస్తారు. మీ బ్యాంకు కౌంటర్ ముందు నిలబడి వేలిముద్ర పడక మళ్లీ మళ్లీ వేలు తుడుచుకునే అవ్వ ఉంది. తోతాపురి కాయలకు ధర పడిపోయిన ఏడాది ఫీజు కట్టలేక పిల్లను బడి మాన్పించిన రైతు ఉన్నాడు. సాయంత్రమయ్యేసరికి వాళ్ల మాటలు మరిచిపోతాం. అందుకే చిన్న నోటు పుస్తకం బ్యాగులో ఉండాలి. విన్న మాటను విన్న యాసలోనే రాసుకోండి. "ఎందుకు ఏడుస్తున్నావు" అని దిద్దారంటే "ఏంటికి ఏడస్తాండావు మే" అన్న మనిషి మాయమైపోతుంది.

ఒక జాగ్రత్త. పక్క టేబులు మనిషి కాపురాన్ని ఊరూ పేరూ మార్చినంత మాత్రాన దాచలేరు. ఇద్దరు ముగ్గురిని కలిపి ఒకరిని చేయండి. లేదంటే రేపు లంచ్ బాక్సు తెరిచేటప్పుడు మీ పక్కన ఎవరూ కూర్చోరు.

కాగితాల సంగతికి వస్తాను, మనవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. కేంద్ర ప్రభుత్వోద్యోగుల 1964 ప్రవర్తనా నియమాల్లో 15వది చూడండి. విధులకు భంగం రాకుండా అప్పుడప్పుడు చేసే సాహిత్య పనికి ముందస్తు అనుమతి అక్కర్లేదంటుంది. ప్రభుత్వాన్ని విమర్శించడం వేరే లెక్క. రాష్ట్ర ఉద్యోగులైతే మీ శాఖ నియమాలు చదివి, అనుమానముంటే ఉత్తరం పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఉద్యోగంలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు యజమానిదే. కాబట్టి సొంత కథ ఆఫీసు కంప్యూటర్లో కొట్టకండి.

పుస్తకం వేస్తామని ఎవరైనా కాగితం ఇస్తే పొంగిపోయి సంతకం పెట్టొద్దు. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ మీ వైపే ఉంది. హక్కు రాసివ్వడం కాగితం మీద, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లకే ఇచ్చినట్టు. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే, ఒప్పందంలో వేరే మాట లేకపోతే, అది చెల్లిపోతుంది. "శాశ్వతంగా, సర్వహక్కులతో" అన్న ముక్క కనపడిందా, కొట్టేసి వెనక్కి పంపండి. నేను మొదటి పుస్తకానికి ఆ ముక్క చదవనే లేదు. నా పేరు అచ్చులో చూసుకునే ఆత్రం.

టీచరమ్మ ఇదంతా విని, "మా ఇంట్లో ఆ గంట అడగడం ఇప్పట్లో అయ్యేది కాదక్కా" అంది. సరే, అయితే ఈ బస్సు ఉంది కదా అన్నాను. పూతలపట్టు దాటినాక చంద్రగిరి దాకా ఎవరూ నిన్ను పిలవరు, ఫోను బ్యాగులో పెట్టెయ్.

పది రోజులకు మెసేజ్ పెట్టింది. గాదంకి దగ్గర మొదలుపెట్టి అర పేజీ రాసిందట. మధ్యాహ్న భోజనంలో ఇచ్చిన గుడ్డును తినకుండా తమ్ముడి కోసం జేబులో దాచుకున్న పిల్లోడి గురించి. చంద్రగిరిలో బస్సు ఆగేసరికి ఆ గుడ్డు ఇంకా జేబులోనే ఉందట.