తన ఇంటిని తానే చేసుకునే వానపాము

తొలకరి వాన పడింది. పొలం గట్టు మీద, పెరట్లో, జాలాడి పక్కన వానపాములు కనిపిస్తాయి. కొన్ని ఊళ్లలో వీటిని ఎర్రలు అంటారు. చేపలు పట్టేవాళ్లు గాలానికి గుచ్చుతారు. పేరులో పాము ఉంది గానీ ఇది పాము కాదు. కరవదు. కుట్టదు. విషం లేదు.

దీనికి కళ్లు లేవు. చెవులు లేవు. కాళ్లు లేవు. పళ్లు లేవు. ఊపిరితిత్తులు కూడా లేవు. మరి ఎట్లా బతుకుతుంది?

తడి ఒళ్లు

వానపాము చర్మంతోనే గాలి పీలుస్తుంది. చర్మం తడిగా ఉంటేనే గాలి లోపలికి పోతుంది. ఒళ్లు ఎండితే ఊపిరాడక చచ్చిపోతుంది. అందుకే ఎండ దానికి శత్రువు. కళ్లు లేకపోయినా, వెలుతురు సోకితే చర్మానికి తెలుస్తుంది. వెంటనే మట్టిలోకి దూరుతుంది.

నిజానికి వానపాము ఒళ్లు నీళ్లలో బతికే జీవి ఒళ్లు లాంటిది. ఒంట్లో నీటిని దాచుకునే శక్తి తక్కువ. అయినా నేలలో బతుకుతోంది. దానికోసం రెండు పనులు చేస్తుంది. ఒకటి, కాలానికి తగ్గట్టు తాను మారుతుంది. రెండు, తనకు తగ్గట్టు నేలను మారుస్తుంది.

ఎండాకాలంలో పైనేల ఎండిపోతుంది. అప్పుడు చాలా రకాల వానపాములు లోతుకు పోతాయి. మట్టిలో చిన్న గది చేసుకుంటాయి. ఉండలాగా చుట్టుకుని, తిండి మానేసి నిద్రపోతాయి. వానలు పడి నేల తడిస్తే మళ్లీ లేస్తాయి.

నేలను మార్చే పని

వానపాము మట్టిని తోసుకుంటూ, తింటూ బొరియ చేస్తుంది. బొరియ గోడలకు తన ఒంటి జిగురు పూస్తుంది. ఇల్లు అలికినట్టే ఇది కూడా. జిగురు వల్ల గోడ కూలదు. తడి నిలుస్తుంది. అదే దారిలో వాన నీళ్లు లోపలికి ఇంకుతాయి. పైరు వేళ్లకు గాలి అందుతుంది.

రాలిన ఆకుల్ని కూడా వానపాము బొరియలోకి లాక్కుంటుంది. అవి తిండికి పనికొస్తాయి. బొరియ నోటికి మూతగానూ ఉంటాయి.

పళ్లు లేవు కదా, ఆకును ఎట్లా నమిలేది? కోడికి కందనకాయ ఉన్నట్టే వానపాముకూ ఉంది. ఆకు, మట్టి, ఇసుక రేణువులు అందులో పడి తిరగలిలో పడ్డట్టు నలుగుతాయి. తర్వాత చిన్న చిన్న మట్టి ఉండలుగా బయటికి వస్తాయి. గట్టు మీద కుప్పలుగా కనిపించేవి ఇవే. పైరుకు కావలసిన సారం ఈ ఉండల్లో ఎక్కువ.

ఇట్లా గట్టి నేల గుల్లగా మారుతుంది. తడిని పట్టి ఉంచుతుంది. వానపాము గుడ్లు పెట్టేది ఆ నేలలోనే. అంటే పెద్దవి బాగుచేసిన ఇంట్లో పిల్లలు పుడతాయి. ఆ పిల్లలు ఆ ఇంటిని ఇంకా బాగుచేస్తాయి.

డార్విన్ చూసిన వింత

ఇంగ్లండు దేశంలో డార్విన్ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. 1842లో ఆయన ఒక పొలంలో సుద్దరాయి ముక్కలు చల్లించాడు. 29 ఏళ్లు ఆగాడు. 1871లో అక్కడ గుంట తవ్వించాడు. సుద్ద ముక్కలు 7 అంగుళాల లోతున కనిపించాయి. ఎవరూ వాటిని పూడ్చలేదు. వానపాములు కింది మట్టిని పైకి తెచ్చి పోస్తూ ఉంటే, ముక్కలు కిందికి దిగిపోయాయి.

ఆయన కుండీల్లో కూడా వానపాముల్ని పెంచాడు. వాటి దగ్గర వాద్యాలు వాయించి చూశారు. వానపాములు పట్టించుకోలేదు. కానీ కుండీని పియానో మీద పెట్టి మెట్టు నొక్కగానే బొరియలోకి పారిపోయాయి. చప్పుడు వినపడదు గానీ అదురు తెలుస్తుందన్నమాట. 1881లో ఆయన వానపాముల మీద పుస్తకం అచ్చు వేయించాడు. ఇంగ్లండులో చాలాచోట్ల ఒక్క ఎకరంలో ఏడాదికి 10 టన్నులకు పైగా మట్టిని వానపాములు పైకి తెస్తాయని అందులో లెక్క కట్టాడు.

ఎవరి చోటు వాళ్లది

వానపాములన్నీ ఒక్క రకం కాదు. కొన్ని పైన చెత్తలో, పేడలో ఉంటాయి. కొన్ని పైమట్టిలో తిరుగుతాయి. కొన్ని లోతుకు బొరియలు చేస్తాయి. వానపాముల ఎరువు తయారీకి వాడేవి చెత్త తినే రకం. దాన్నే వర్మీకంపోస్టు అంటారు. ఆ తొట్టిలోని వానపాముల్ని తెచ్చి చేలో వదిలితే లోతుగా దున్నవు. చేలో పని చేసేవి ఆ చేలో పుట్టి పెరిగినవే. వాటిని కాపాడుకోవాలి.

ఇల్లు పాడైతే

కొయ్యకాళ్లు తగలబెడితే వానపాము తిండి కాలిపోతుంది. గుళికల మందు చల్లితే పురుగుతో పాటు వానపాములూ చస్తాయి. మాటిమాటికీ దున్నితే బొరియలు తెగిపోతాయి. వానపాములు తగ్గితే నేల గట్టిపడుతుంది. వాన నీరు ఇంకకుండా సారమున్న మట్టిని కొట్టుకుపోతుంది. ఎరువు ఖర్చు పెరుగుతుంది.

నరికితే ఒక వానపాము రెండవుతుందని కొందరంటారు. చాలా రకాల్లో అది నిజం కాదు. తోక ముక్క చచ్చిపోతుంది. తల వైపు ముక్క ఒక్కోసారి బతుకుతుంది.

ఆకులు, గడ్డి నేల మీద పరచండి. బాగా మాగిన పశువుల ఎరువు వేయండి. మందు తప్పనిసరైతేనే, చెప్పిన మోతాదులోనే వాడండి. కూలి అడగని పనివాళ్లు మళ్లీ చేరతారు.

చేసి చూడండి

ఒక గాజు సీసా తీసుకోండి. ఒక వరస నల్లమట్టి, ఒక వరస ఇసుక పోయండి. నీళ్లు చిలకరించండి. పైన ఎండుటాకులు వేయండి. నాలుగు వానపాముల్ని వదలండి. గాలి ఆడేలా పలచటి గుడ్డ మూతికి కట్టండి. సీసా చుట్టూ నల్లగుడ్డ చుట్టి నీడన పెట్టండి. తడి ఆరనివ్వకండి. పది రోజుల తర్వాత గుడ్డ తీసి చూడండి. వరసలు ఏమయ్యాయి? ఆకులు ఏమయ్యాయి? చూశాక వానపాముల్ని మళ్లీ తడి మట్టిలో వదిలేయండి.

చెప్పండి

1. వానపాము ఒళ్లు ఎప్పుడూ తడిగా ఎందుకు ఉండాలి?
2. ఎండాకాలంలో వానపాము ఏం చేస్తుంది?
3. సుద్ద ముక్కలు లోతుకు ఎట్లా పోయాయి?
4. మీ చేలో వానపాములు ముందుకన్నా పెరిగాయా, తగ్గాయా? ఎందుకు? అందరూ కలిసి మాట్లాడుకోండి.