పాత వాహనం – కొత్త శక్తి

వేసవిలో కాలువలు కట్టివేసిన తరువాత గోదావరి డెల్టాలో పూడికతీత పనులు మొదలవుతాయి. పైకి చూస్తే కాలువ గట్లు ఎప్పటిలాగానే ఉంటాయి. అడుగున మాత్రం ఒండ్రు పేరుకొని ఉంటుంది. పూడిక తీయని కాలువలో నీరు నిండుగా కనిపించినా శివారు పొలాలకు చేరేది తక్కువ. రైతులకు అనుభవపూర్వకంగా తెలిసిన ఈ సత్యం విద్యుత్ కారులోని బ్యాటరీకి కూడా వర్తిస్తుంది. ఏళ్లు గడిచిన బ్యాటరీని రాత్రంతా ఛార్జి చేస్తే అది నిండినట్లే చూపుతుంది. కాని కారు మునుపటంత దూరం నడవదు.

ఈ డెల్టాలోని తణుకు పట్టణం గోస్తనీ తీరాన, కలకత్తా–చెన్నై జాతీయ రహదారిపై ఉంది. ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ 1947లో ఇక్కడ స్థాపించిన ఆంధ్రా షుగర్స్ సంస్థ చక్కెరతో ఆగక రసాయన పరిశ్రమగా విస్తరించింది. భారత అంతరిక్ష పరిశోధన సంస్థ రాకెట్లకు అవసరమైన ద్రవ ఇంధనాన్ని కూడా తయారుచేసింది. రాకెట్టు తన ఇంధనాన్ని ఒక్కసారి మండించి పని ముగించుకొంటుంది. కారు బ్యాటరీ అలా కాదు. అది వందలసార్లు నిండాలి, వందలసార్లు ఖాళీ కావాలి. ఆ రాకపోకలలోనే అది అరిగిపోతుంది.

మన దేశంలో విద్యుత్ కార్ల చరిత్ర ‘రేవా’తో ముడిపడి ఉంది. చేతన్ మైనీ కృషి ఫలితంగా 2001లో బెంగళూరు నుంచి ఈ చిన్న కారు మార్కెట్టులోకి వచ్చింది. 2004 నుంచి ‘జీ-విజ్’ అనే పేరుతో లండన్ వీధులలో కూడా తిరిగింది. దీనిలో 6 వోల్టుల సీసపు బ్యాటరీలు ఎనిమిది ఉండేవి. వాటిని వరుసగా కలిపితే 48 వోల్టులు. వాటి సామర్థ్యం 200 ఆంపియర్-గంటలు. ఈ రెండింటిని గుణిస్తే 9.6 కిలోవాట్-గంటలు, అనగా ఇంటి మీటరులో దాదాపు పది యూనిట్ల విద్యుత్తు. అనుకూల పరిస్థితులలో దానితో 80 కిలోమీటర్లు ప్రయాణించవచ్చునని తయారీదారులు ప్రకటించారు.

తణుకులో అటువంటి పాత కారు ఉన్న ఒక కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకొనవచ్చు. వారు రోజూ వెళ్లే ఊరు 30 కిలోమీటర్ల దూరంలో ఉందనుకొందాం. వెళ్లిరావడానికి 60 కిలోమీటర్లు నడవాలి. కారు కొత్తగా ఉన్నప్పుడు ఈ ప్రయాణానికి ఇబ్బంది లేదు. బ్యాటరీ సామర్థ్యం నూటికి అరవై వంతులకు పడిపోతే కారు నడిచేది 48 కిలోమీటర్లే. పొద్దున వెళ్లిన మనిషి సాయంత్రం ఇంటికి చేరడు, దారిలో ఆగిపోతాడు. మోటారు బాగానే ఉంది, బ్రేకులు పనిచేస్తున్నాయి, చక్రాలు తిరుగుతున్నాయి. అయినా కారు అక్కరకు రాకుండా పోయింది. దానిని తుక్కు కింద అమ్మివేయాలా? మళ్లీ అటువంటి బ్యాటరీలే వేయించాలా? ఇంతకంటె మేలైనవి అమర్చాలా? ఆ కుటుంబం ముందున్న ప్రశ్నలు ఇవి.

సమాధానం చెప్పాలంటే బ్యాటరీ ఎందుకు బలహీనపడుతుందో తెలియాలి. ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో సీసపు బ్యాటరీని కనుగొన్నాడు. దీనిలో సీసపు పలకలు సజల గంధకికామ్లంలో మునిగి ఉంటాయి. విద్యుత్తును వాడుకొన్నప్పుడు పలకలపై సీసపు సల్ఫేటు ఏర్పడుతుంది. ఛార్జి చేసినప్పుడు అది మళ్లీ విడిపోతుంది. బ్యాటరీని చాలాకాలం ఖాళీగా ఉంచితే ఆ సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా మారి పలకలను కప్పివేస్తుంది. కాలువ పూడికను మనుషులు తీయగలరు. ఈ పూడికను పూర్తిగా తీయడం సాధ్యం కాదు.

లిథియం-అయాన్ బ్యాటరీ తీరు వేరు. 1991లో ఇది తొలిసారి మార్కెట్టులోకి వచ్చింది. దీని ఆవిష్కరణకు కృషిచేసిన జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. దీనిలో లిథియం అయాన్లు రెండు ధ్రువాల మధ్య అటూ ఇటూ ప్రయాణిస్తాయి. కాలం గడిచేకొద్దీ గ్రాఫైటు ధ్రువంపై సన్నని పొర మందమై, కొంత లిథియంను తనలో బంధించివేస్తుంది. వేడి పెరిగితే ఈ మార్పు వేగవంతమవుతుంది. ఎండలో నిలిపిన కారును ఎప్పుడూ పూర్తిగా నింపి ఉంచడం వల్ల బ్యాటరీ ఆయుర్దాయం తగ్గుతుంది. వేసవి ఎండలు తీవ్రంగా ఉండే మన ప్రాంతాలవారు దీనిని ప్రత్యేకంగా గుర్తించాలి.

వేడి చేసే హాని ప్రపంచానికి ఒక ప్రసిద్ధ ఉదాహరణ ద్వారా తెలిసివచ్చింది. నిస్సాన్ సంస్థ 2010 చివరలో ‘లీఫ్’ అనే విద్యుత్ కారును విడుదల చేసింది. దాని బ్యాటరీని చల్లబరచడానికి ప్రత్యేక ద్రవ వ్యవస్థ లేదు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రం ఎడారి ప్రాంతం. అక్కడి యజమానులు తమ కార్ల సామర్థ్యం త్వరగా తగ్గిపోతున్నదని 2012లో ఫిర్యాదు చేశారు. దానిపై సంస్థ సామర్థ్యానికి కూడా హామీ ఇచ్చింది. వేడిని మెరుగ్గా తట్టుకొనే బ్యాటరీని రూపొందించి, 2014లో పాతది తిరిగి ఇచ్చినవారికి 5,499 డాలర్లకు అమ్మింది. కారు పాతదే, బ్యాటరీ మాత్రం మునుపటికంటె మేలైనది. ఆ తరువాత కొందరు నిపుణులు 24 కిలోవాట్-గంటల పాత లీఫ్‌లలో 40 కిలోవాట్-గంటల బ్యాటరీలను కూడా అమర్చారు. రేవా విషయంలోనూ ఇటువంటి మార్పు కనిపిస్తుంది. 2009లో లిథియం బ్యాటరీతో వచ్చిన రేవా 120 కిలోమీటర్లు నడుస్తుందని ప్రకటించారు.

లిథియం వల్ల కలిగే మొదటి లాభం బరువు తగ్గడం. 9.6 కిలోవాట్-గంటల శక్తిని నిలవచేయడానికి సీసపు బ్యాటరీలు దాదాపు 270 కిలోలు తూగుతాయి. లిథియం బ్యాటరీ సుమారు 100 కిలోలతో ఆ పని చేయగలదు. సీసపు బ్యాటరీ కొన్ని వందలసార్లు ఛార్జి చేసేసరికి అలసిపోతే, లిథియం ఐరన్ ఫాస్ఫేటు రకం రెండువేలసార్లకు పైగా పనిచేయగలదు.

ఇంతమాత్రాన పాత పెట్టె తీసి కొత్త పెట్టె పెడితే సరిపోదు. ముందుగా కొలవాలి. బ్యాటరీని నింపి, కారు నడుస్తూ భారం పడినప్పుడు ఎనిమిదింటి వోల్టేజినీ విడివిడిగా చూడాలి. ఆరోగ్యంగా ఉన్నవి నిలకడగా ఉంటాయి. బలహీనమైనది ఒక్కసారిగా పడిపోతుంది. వరుసగా కలిపిన ఘటాలన్నింటిలోను ఒకే విద్యుత్ ప్రవాహం సాగుతుంది. కనుక బలహీనమైన ఒక్క ఘటం ముందుగా ఖాళీ అయితే మిగిలినవాటిలో శక్తి ఉన్నా ప్రయాణం ఆగిపోతుంది. ఒక్కొక్కప్పుడు లోపం ఘటంలో ఉండదు, తుప్పు పట్టిన కలయికలో ఉంటుంది. కొలవకుండా మార్చితే డబ్బు వృథా అవుతుంది.

రెండవది అవసరాన్ని లెక్కించడం. ఈ కారు కిలోమీటరుకు సుమారు 120 వాట్-గంటలు వాడుతుంది. 60 కిలోమీటర్లకు 7.2 కిలోవాట్-గంటలు కావాలి. ఐదవ వంతు నిలవ మిగుల్చుకోవాలంటే 9 కిలోవాట్-గంటల బ్యాటరీ చాలు. అంతకు మించినది కొనడం గొప్పకోసమే అవుతుంది.

మూడవది పొందిక. సీసపు బ్యాటరీ ఛార్జరు పద్ధతి లిథియంకు పనికిరాదు. ఒక్కొక్క లిథియం ఐరన్ ఫాస్ఫేటు ఘటం 3.65 వోల్టులు దాటకూడదు. ప్రతి ఘటాన్ని గమనిస్తూ, ప్రమాదం ఏర్పడితే ప్రవాహాన్ని ఆపివేసే ఎలక్ట్రానిక్ నియంత్రణ వ్యవస్థ తప్పనిసరి. బరువు మారినందున స్ప్రింగులను, బ్రేకులను పరీక్షించాలి. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడంపై 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ఆంక్షలు విధించింది. కాబట్టి ముందుగానే రవాణా శాఖను, బీమా సంస్థను సంప్రదించడం శ్రేయస్కరం.

ఇక్కడ అశ్రద్ధకు మూల్యం ప్రాణమే కావచ్చు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులోను, విజయవాడలోను ఇళ్లలో ఛార్జింగుకు పెట్టిన విద్యుత్ స్కూటర్ల బ్యాటరీలు పేలి మరణాలు సంభవించాయి. అటువంటి ప్రమాదాల తరువాత కేంద్ర ప్రభుత్వం బ్యాటరీల భద్రతా పరీక్షలను కఠినతరం చేసి, అదే సంవత్సరం డిసెంబరు నుంచి దశలవారీగా అమలు చేసింది. లీఫ్ వంటి కార్ల బ్యాటరీలో వోల్టేజి 350కి పైగా ఉంటుంది. శిక్షణ లేనివారు దానిని విప్పరాదు. తక్కువ ధరకు దొరికిందని ఊరూపేరూ లేని ఘటాలను కొనరాదు.

తీసివేసిన బ్యాటరీ సంగతి కూడా ఆలోచించాలి. సీసం విషపదార్థం. దానిని పంటకాలువలో పారవేస్తే నీరు కలుషితమవుతుంది. చెరువు చేపకు, వరిచేనుకు, చివరకు మనిషికి హాని కలుగుతుంది. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు పాత బ్యాటరీలను సేకరించి శుద్ధిచేసే బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచాయి. కారుకు చాలని బ్యాటరీ అన్నింటికీ చాలనిది కాదు. 2018లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని క్రీడామైదానంలో 148 లీఫ్ కార్ల బ్యాటరీలకు సరిసమానమైన నిలవ వ్యవస్థను పాత, కొత్త బ్యాటరీలతో నెలకొల్పారు.

తెలుగునేలకు ఈ రంగం కొత్త కాదు. తిరుపతి సమీపంలోని కరకంబాడిలో సీసపు బ్యాటరీలతో ఎదిగిన అమరరాజా సంస్థ, లిథియం బ్యాటరీల కర్మాగారానికి 2023 మే నెలలో మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో శంకుస్థాపన చేసింది. అయితే కర్మాగారాలు మాత్రమే చాలవు. ప్రతి పట్టణంలోను కొలవడం తెలిసిన, ప్రమాదం ఎరిగిన పనివారు కావాలి. నేటి విద్యార్థులకు అది ఒక జీవనోపాధి మార్గం.

చట్రం తుప్పుపట్టి, విడిభాగాలు దొరకని కారుపై ధనం వెచ్చించడం వివేకం అనిపించుకోదు. చట్రం గట్టిగా ఉన్న కారును బ్యాటరీ ఒక్కటే అలసిపోయిందని తుక్కు చేయడం కూడా అవివేకమే. ఈ రెండింటి మధ్య తేడాను తెలిపేది కొలత. తణుకులోని ఆ కుటుంబం మొదట వెళ్లవలసినది కొత్త కార్ల దుకాణానికి కాదు, వోల్టు మీటరు పట్టుకొన్న నిపుణుని వద్దకు.

కఠిన పదాలు – అర్థాలు

ఒండ్రు : నీటితో కొట్టుకువచ్చి పేరుకొన్న మెత్తని మట్టి
శివారు : చివరి ప్రాంతం
ఘటం : విద్యుత్తును నిలవచేసే ప్రమాణ భాగం, సెల్
సజల గంధకికామ్లం : నీరు కలిపిన సల్ఫ్యూరిక్ ఆమ్లం
శ్రేయస్కరం : మేలు కలిగించేది

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నకు వ్యాసరూప సమాధానం వ్రాయండి.
1. పాత విద్యుత్ కారు బ్యాటరీని మార్చే ముందు పాటించవలసిన జాగ్రత్తలను వివరించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు వ్రాయండి.
1. పూడిన కాలువకు, పాత బ్యాటరీకి గల పోలికను తెలపండి.
2. అరిజోనాలోని యజమానుల అనుభవం మన ప్రాంతానికి ఎట్లా పాఠమవుతుంది?

III. ఈ క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. సీసపు బ్యాటరీని కనుగొన్నది ఎవరు?
2. రేవా కారు ఏ సంవత్సరంలో మార్కెట్టులోకి వచ్చింది?