పాఠములలో వ్యాసరచన

వ్యాసము తెలుగు గంటలో మాత్రమే వ్రాయవలసినదని విద్యార్థులలో పలువురి తలంపు. ఈ పంపకము సరియైనది కాదు. ఒక విషయము మనకు నిజముగా తెలిసినదో లేదో, దానిని గూర్చి వరుసగా వ్రాయబూనినప్పుడే బయటపడును.

2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను గంటకు 170 కిలోమీటర్లకు మించిన గాలులతో విశాఖపట్టణము వద్ద తీరము దాటినది. ఆ నగరమందలి సీతమ్మధారలో ఒక బాలుడు సామాన్యశాస్త్రపు తరగతిలో ఇట్లు వ్రాసెననుకొందము: “తుపాను గాలి గుండ్రముగా తిరుగును. దాని నడుమ కన్ను ఉండును. కన్నులో గాలి తక్కువ.” మూడును సత్యములే, మార్కులును రావచ్చును. కాని దీనిని చదివిన పొరుగింటివారు, గాలి ఆగినంతనే గండము గడచినదని తలుపు తీసి వెలుపలికి పోయినచో ఏమగును?

ఆ వాక్యముల నడుమ సంబంధము లోపించినది. మన ఉత్తరార్ధగోళమున తుపాను గాలులు గడియారపు ముల్లు తిరుగు దిశకు ఎదురుగా తిరుగును. అందుచేత కన్నునకు ఈవలి ప్రక్క గాలి ఒక దిక్కునుండియు, ఆవలి ప్రక్క దాని కెదురుదిక్కునుండియు వీచును. కన్ను మన మీదుగా సాగునప్పుడు గాలి అణగును. ఐనను తుపాను వెనుకభాగ మింకను రావలసియున్నది. కనుక కొంతసేపటికి గాలి ఎదురుదిక్కునుండి మరల విరుచుకొనిపడును. అందుచేత, ఐనను, కనుక – ఈ చిన్న మాటలను వ్యాకరణములో ఎన్నిసార్లు వల్లించినను, వాని బలము ఇట్టి చోటనే తెలియును.

సాంఘికశాస్త్రములోను ఇంతే. విశాఖ రేవు 1933లో తెరువబడెననుట సమాచారము. అచ్చటనే ఏల అని అడిగినచో వ్యాసము మొదలగును. నోటిని కాచుచున్న డాల్ఫిన్స్ నోస్ కొండ ఒక కారణము. 1931లో పూర్తియైన రాయపూరు–విజయనగరము రైలుమార్గము మరియొకటి. వీనిలో ఏది ప్రధానమో వ్రాయువాడే తేల్చవలెను. తేల్చని వ్యాసము కిరాణాకొట్టు చీటివంటిది. ఇక గణితమందలి సిద్ధాంత నిరూపణము స్వయముగా ఒక చిన్న వ్యాసమే.

విద్యార్థులారా! “మానవుడు సంఘజీవి” అని ప్రతి వ్యాసమును ఆరంభింపకుడు. తుపానునకు ఆ మాటతో పనిలేదు. పాఠమందలి ముఖ్యపదములను ముందుగా ఒక కాగితముపై వ్రాసికొనుడు. పుస్తకము మూసి, తుపాను నెరుగని తమ్మునికి చెప్పునట్లు వ్రాయుడు. పిదప పుస్తకము తెరచి సంఖ్యలను, పేర్లను సరిచూడుడు. ఆ ప్రతిని విషయమునకై సైన్సు మాష్టారికిని, భాషకై తెలుగు మాష్టారికిని చూపుడు.