యాప్ క్రాష్ కాలేదు, లెక్క మాత్రం తప్పింది: డేటా టైప్స్ ఎందుకంత ముఖ్యం?

మా మావయ్య అనకాపల్లి మార్కెట్‌కి బెల్లం తెస్తారు. కమీషన్ ఏజెంట్ ఇచ్చే పట్టీని సరిచూసుకోడానికి ఆయనకి కోట్లిన్‌లో ఒక చిన్న ఆండ్రాయిడ్ యాప్ రాసిచ్చాను. తూకం, ధర, హమాలీ ఖర్చు కొడితే చేతికి రావాల్సిన మొత్తం చూపిస్తుంది. ఒకరోజు యాప్ చూపిన మొత్తం పట్టీలో ఉన్నదానికంటే 312 రూపాయల 50 పైసలు ఎక్కువొచ్చింది. "ఫోన్ అబద్ధం చెప్తాదేటి?" అంటూ మావయ్య నలుగురిలో ఏజెంట్‌తో గొడవ పెట్టుకున్నారు. తీరా చూస్తే పట్టీ కరెక్టే. తప్పు నా కోడ్‌ది.

అసలేం జరిగింది?

ఆండ్రాయిడ్ యాప్ ఒకే ముద్దగా ఉండదు, కొన్ని కాంపొనెంట్లు కలిసి పనిచేస్తాయి. నా యాప్‌లో ఖర్చుల స్క్రీన్ ఒక యాక్టివిటీ, లెక్క చూపే స్క్రీన్ ఇంకో యాక్టివిటీ. వాటి మధ్య డేటా ఇంటెంట్ అనే సంచిలో వెళ్తుంది. సంచిలో ప్రతి విలువకీ ఒక పేరుంటుంది.

మొదట్లో హమాలీ ఖర్చు ఇంట్, అంటే పూర్ణ సంఖ్య. పైసలు కూడా కొట్టొచ్చని ఖర్చుల స్క్రీన్‌లో దాన్ని డబుల్ చేశాను. రెండో స్క్రీన్ మార్చడం మర్చిపోయాను. అది పాత పద్ధతిలోనే గెట్ ఇంట్ ఎక్స్‌ట్రా అని అడిగింది, దొరక్కపోతే సున్నా అనుకోమనే డిఫాల్ట్‌తో. సంచిలో ఉన్నది డబుల్, అడిగింది ఇంట్. ఇలాంటప్పుడు ఆండ్రాయిడ్ యాప్‌ని ఆపదు. లాగ్‌క్యాట్‌లో ఒక వార్నింగ్ రాసి, డిఫాల్ట్ విలువ ఇచ్చేస్తుంది. అలా 312.50 కాస్తా 0 అయింది.

విడివిడిగా చూస్తే రెండు స్క్రీన్లలోనూ టైప్ తప్పు లేదు. కంపైలర్ ఒక్కో స్క్రీన్ లోపల చెక్ చేసింది, మధ్యలో ఉన్న సంచిని చూడలేదు.

1. రెండు వైపులా ఒకే టైప్

ఇప్పుడు 'పట్టీ' అనే ఒక డేటా క్లాస్ పెట్టాను. తూకం, ధర, ఖర్చు అందులోనే ఉంటాయి. దాన్ని పార్సెలబుల్ చేసి మొత్తంగా పంపుతున్నాను. రేపు ఖర్చు టైప్ మారిస్తే, దానికి పొసగని ప్రతి చోటా కంపైలర్ ఎర్ర గీత పెడుతుంది. గొడవ మార్కెట్‌లో కాకుండా నా ల్యాప్‌టాప్‌లోనే తేలిపోతుంది.

2. యూనిట్ కూడా టైపే

ధర డబుల్ అంటే సరిపోదు. అది క్వింటాల్ ధరా, పది కేజీల ధరా? ఉదాహరణకి 248 కేజీలు, క్వింటాల్ 4,000 అయితే 9,920 రూపాయలు. అదే 4,000ని పది కేజీల ధర అనుకుంటే 99,200! కంపైలర్‌కి రెండూ మామూలు సంఖ్యలే.

నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబర్‌లో ఇలాంటి పొరపాటుకే పోయింది. ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్-సెకన్లలో లెక్క ఇచ్చింది, ఇంకోటి దాన్ని న్యూటన్-సెకన్లు అనుకుంది. కోట్లిన్‌లో దీనికి వాల్యూ క్లాస్ ఉంది. 'క్వింటాల్ ధర' ఒక టైప్, 'పది కేజీల ధర' ఇంకో టైప్. ఒకటి అడిగిన చోట ఇంకోటి ఇస్తే కంపైల్ అవ్వదు.

3. సున్నా వేరు, ఖాళీ వేరు

హమాలీ ఖర్చు నిజంగా సున్నా కావడం వేరు, అసలు రాయకపోవడం వేరు. నా డిఫాల్ట్ ఈ రెండింటినీ కలిపేసింది. ఖాళీగా ఉండే అవకాశముంటే టైప్ చివర ప్రశ్న గుర్తు పెట్టి నల్లబుల్ చెయ్యండి. అప్పుడు ఖాళీ అయితే ఏం చెయ్యాలో చెప్పేదాకా కోట్లిన్ లెక్కలోకి పోనివ్వదు.

ఒక్క జాగ్రత్త: సర్వర్ నుంచి వచ్చే జేసన్‌ని మీ కంపైలర్ చూడలేదు. దాన్ని గుమ్మం దగ్గరే ఒకసారి చెక్ చేసి, మీ టైప్‌లోకి మార్చాకే లోపలికి రానివ్వండి.

మావయ్య మర్నాడు వెళ్లి ఏజెంట్‌కి టీ ఇప్పించి వచ్చారు. మీరు ఈరోజే మీ ప్రాజెక్ట్‌లో గెట్ ఇంట్ ఎక్స్‌ట్రా అని వెతకండి. సున్నా డిఫాల్ట్ ఉన్న ప్రతి చోటా ఆగి, ఆ సున్నా నిజమేనా అని చూసుకోండి.