నెమలినార మరుగుజ్జు వృక్షము: కొమ్మల కూర్పు, కొలతలు

పెద్ద మానునకుండు రూపమును, వయస్సును చిన్న తొట్టిలోని చెట్టునందు కనబరచు విద్యను జపాను దేశీయులు బోన్సాయ్ అందురు. దీనికి పుట్టినిల్లు చైనా. క్రీ. శ. 706లో నిర్మింపబడిన జాంగ్‌హువాయ్ యువరాజు సమాధిలోని గోడచిత్రములలో, చిన్న రాళ్లను మొక్కలను అమర్చిన పళ్లెమును పట్టుకొని నిలిచిన పరిచారకుల రూపము కానవచ్చును. అప్పటికే ఈ కళ రాజగృహములందు ఆదరము పొందినదని దీనివలన తెలియుచున్నది.

ఈ విద్యకు మిక్కిలి అనువైన చెట్లలో ఎల్మ్ ఒకటి. చైనా ఎల్మ్‌నకు ఆకులు చిన్నవి. కత్తిరించినకొలది చిగిర్చు గుణము గలది. అయితే ఎల్మ్ అనగానే అది పరదేశపు చెట్టనియు, మనకు దానితో పొత్తు లేదనియు తలంపరాదు. ఆ కుటుంబమునకు చెందిన వృక్షమొకటి మన నేలయందే కలదు. అదియే నెమలినార, తపసి యనియు కొందరందురు. 1793లో కలకత్తా తోటకు పోవుటకు ముందు సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బరో పండితుడు, కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన తన గ్రంథమున ఈ చెట్టును వర్ణించి ‘ఉల్మస్ ఇంటిగ్రిఫోలియా’ అని పేరిడెను. ఉల్మస్ అనగా ఎల్మ్. ఇంటిగ్రిఫోలియా అనగా అంచున రంపపుపండ్లు లేని ఆకు గలది. 1848లో ప్లాంషాన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనిని ‘హోలోప్టీలియా’ అను వేరొక ప్రజాతిగా ఏర్పరచెను. ఇంగ్లీషున దీనికి ఇండియన్ ఎల్మ్ అను పేరు నేటికిని నిలిచియున్నది. తూర్పుకనుమల ప్రాంతపు మెట్టనేలలలో పెరుగు ఈ చెట్టు, బరంపురమునకు పడమట, కొండలకు చేరువనున్న మన దిగపహండి విద్యార్థులకు పాఠ్యవస్తువగుటకు సర్వవిధముల తగినది.

1. పెద్దచెట్టే గురువు

నెమలినార శీతకాలము చివర ఆకు రాల్చును. మాఘ ఫాల్గుణ మాసములలో దాని కొమ్మల కట్టడమంతయు ఆచ్ఛాదన లేక కనబడును. అప్పుడు మంచి మాను నొకదానిని ఎన్నుకొని మూడు విషయములు పరిశీలింపవలెను. మొదటిది: బోదె నేలవద్ద లావై, పైకి పోవుకొలది క్రమముగా సన్నగిల్లును. రెండవది: క్రిందికొమ్మలు లావుగను పొడవుగను ఉండును, పైకొమ్మలు సన్నముగను పొట్టిగను ఉండును. మూడవది: ఒక్కొక్క కొమ్మ పంగలుగా చీలి, ప్రతి పంగ తరువాత తునక మునుపటి తునకకంటె సన్నమును, కురుచయు అగును. ఈ మూడు క్రమములును తొట్టిలోని చెట్టునందు కనబడినప్పుడే చూపరికి అది చిన్న మొక్కగా గాక దూరమున నున్న మహావృక్షముగా తోచును. ఎత్తును తగ్గించుట మాత్రమే బోన్సాయ్ కాదు. నిష్పత్తిని నిలుపుట బోన్సాయ్.

2. కత్తిరి పొట్టిచేయును, సన్నము చేయదు

ఈ పాఠమునకు ప్రాణమువంటి మాట ఇది. కొమ్మ పొడవైనచో కత్తిరించి పొట్టి చేయవచ్చును. లావైనచో దానిని సన్నము చేయు కత్తిరి లోకమున లేదు. కారణమేమన, బెరడునకును కొయ్యకును నడుమ పలుచని సజీవమైన పొర ఒకటి కలదు. ఆకులు ఎండలో తయారుచేసిన ఆహారము బెరడుగుండ క్రిందికి దిగునప్పుడు ఆ పొర దానిని గ్రహించి ఏటేట క్రొత్తకొయ్యను పేర్చును. పేర్చిన కొయ్య మరల కరుగదు. కావున ఒక కొమ్మ లావు, అది ఎంత కాలము ఎన్ని ఆకులను మోసెనో తెలుపు లెక్కవంటిది.

దీనికి తోడు చెట్టునకు పై కొనయందు పక్షపాతము మెండు. చిటారుమొగ్గనుండి దిగివచ్చు రసము క్రింది మొగ్గలను అణచియుంచును. పై కొమ్మలకు ఎండయు హెచ్చు. అందువలన క్రొత్తగా నేర్చువారు చెట్టునంతటిని గుండ్రముగా, సమానముగా కత్తిరించుచు వచ్చినచో, కొలదియేండ్లలో పైకొమ్మలు బలిసి, క్రిందికొమ్మలు క్షీణించి, చెట్టు తలక్రిందైనట్లు కనబడును. క్రిందికొమ్మ ఒకమారు ఎండిపోయినచో అదే చోట మరియొకటి మొలచునన్న నిశ్చయము లేదు. కాబట్టి బలమైనదానిని ముందుగను, మిక్కుటముగను కత్తిరింపవలెను. బలహీనమైనదానిని తాకక పెరుగనీయవలెను. అందరికి సమానమైన కోత ఇచట న్యాయము కాదు.

3. కొలతలు

చిన్న ఆకుల చైనా ఎల్మ్‌ను అరచేతి ఎత్తున నిలుపవచ్చును. నెమలినార ఆకు మూడు మొదలు అయిదంగుళముల వరకు ఉండును. చక్కని ఎండలో పెంచి మాటిమాటికి కత్తిరించినచో కొంత చిన్నదగునుగాని, చైనా ఎల్మ్ ఆకంత చిన్నది కాజాలదు. కావున దీనిని రెండడుగులకు తక్కువ చేయకుండుట మేలు.

లెక్కకు 24 అంగుళముల ఎత్తుగల చెట్టును తీసికొందము. బోదె మొదటి అడ్డుకొలత ఎత్తులో ఆరవ వంతు, అనగా 4 అంగుళములు, ఉన్నచో గంభీరముగ నుండును. మొదటికొమ్మ ఎత్తులో మూడవవంతున, అనగా 8 అంగుళములవద్ద, బయలుదేరవలెను. అచ్చట బోదె 3 అంగుళములున్నచో కొమ్మ ఒక అంగుళము లావు చాలును. ఏ కొమ్మయు తాను పుట్టిన చోటి బోదెలో సగమునకు మించరాదు. రెండవకొమ్మ ఎదుటి ప్రక్కకు, మూడవది వెనుకకు పోవలెను. వెనుకకొమ్మ లేని చెట్టు గోడకంటించిన పటమువలె లోతులేక యుండును. పైకి పోవుకొలది కొమ్మల నడిమి ఎడము తగ్గుచు రావలెను.

ఒక్కొక్క కొమ్మలోను ఇదే క్రమము. బోదెనుండి మొదటి పంగవరకు 3 అంగుళములైనచో, తరువాతి తునక 2, ఆ తరువాతిది సుమారు ఒకటింబావు, ఇట్లు ప్రతి తునకయు మునుపటిదానిలో మూడింట రెండు వంతులు కావలెను. ఇవి వాడుకవలన ఏర్పడిన కొలతలే గాని శాసనములు కావు. అయినను నేర్చువాని కంటికి ఇవి మంచి ఊతకర్రలు.

4. పెంచుట, తరుగుట

చైనాలోని గ్వాంగ్‌డాంగ్ సీమలో లింగ్నాన్ సంప్రదాయమువారు తీగెలతో వంచుటకంటె కత్తిరితో మలచుటయే ప్రధానముగా చేసికొనిరి. ‘పెంచి తరుగుట’ వారి పద్ధతి. ఆ సీమయు మన గంజామువలె వెచ్చనిది. చిగురు వేగముగా వచ్చును. కనుక ఆ పద్ధతి మనకు నప్పును.

మొదట రెమ్మను తాకక, కావలసిన లావు వచ్చువరకు పొడవుగా సాగనీయవలెను. లావు కుదిరిన పిమ్మట మొదట రెండు కణుపులు మాత్రము నిలిపి తక్కినది కోసివేయవలెను. నెమలినార ఆకులు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు మార్చి మార్చి పుట్టును. కావున నిలిపిన రెండు మొగ్గలు ఇరుప్రక్కలకు చిగిర్చి సహజమైన పంగను ఏర్పరచును. ఆ రెండును తమ వంతు లావు పొందినపిమ్మట మరల రెండేసి కణుపులకు తరుగవలెను. ఒకటి రెండగును, రెండు నాలుగు, అయిదవ కోతకు ముప్పదిరెండు కొనలగును. తొలి కోతకు ఏడాదియో, అంతకు మించియో పట్టును. తరువాత ఏటికి రెండు కోతలు సాధ్యము: ఒకటి ఫాల్గుణమున చిగురు పుట్టుటకు ముందు, రెండవది వానకాలమున చిగురు ముదిరిన తరువాత. నడివేసవిలో పెద్దకోతలు కూడవు.

5. తప్పులు, దిద్దుబాట్లు

ఒకేచోట మూడు నాలుగు రెమ్మలు పుట్టినచో అచ్చట కొయ్య బొడిపె కట్టును. లేతగ నున్నప్పుడే రెంటిని నిలిపి తక్కినవి గిల్లివేయవలెను. నిట్టనిలువుగ లేచునవి, నేలకు దిగునవి, బోదెవైపు తిరుగునవి ఉంచరాదు. రెండు సమానపు కొమ్మలు ఇరుకుగా కలియు పంగ అందమునకే గాక బలమునకును చేటు. వాని నడుమ బెరడు ఇరుకుకొని కొయ్య అతుకదు. 2013 అక్టోబరు 12న గోపాలపురమువద్ద తీరము దాటిన ఫైలిన్ తుపానున మన జిల్లాలో లెక్కకు మిక్కిలి చెట్లు కూలినవి. గాలికి సులభముగా చీలునవి ఇట్టి పంగలే. పెద్దచెట్టు దోషము చిన్నచెట్టుకును దోషమే.

పైకొమ్మ మితిమీరి బలిసినచో దానిని పొట్టిచేసి ప్రయోజనము లేదు; మొదలంట తీసివేసి, అచ్చటి సన్నని రెమ్మతో క్రొత్తకొమ్మను మొదలిడవలెను. కోతను కొంచెము లోతుగా గుంటవలె చేసి మైనము పూసినచో బెరడు చదునుగా మూసికొనును. క్రిందికొమ్మ సన్నగిలినచో దాని కొనను ఒకటి రెండేండ్లు కోయక విడిచిపెట్టవలెను. చూచుటకు వికారముగ నున్నను, ఆ పొడవైన కొన మోయు ఆకులే మొదటి లావునకు మూలధనము. పని తీరినపిమ్మట దానిని తీసివేయవచ్చును. వంచుటకు అల్యూమినియము తీగె చుట్టినచో వారము వారము చూచుకొనవలెను. ఎదుగు కాలమున అది బెరడులోనికి దిగి, మాయని మచ్చ వేయును.

6. ఆధారపడిన ప్రాణి

అడవిలోని చెట్టు నీటికై వేళ్లను దూరము పంపును. తొట్టిలోనిదానికి ఆ వెసులుబాటు లేదు. వైశాఖ జ్యేష్ఠముల ఎండలో ఒక్కదినము మరచినను పదేండ్ల శ్రమ ఎండిపోవచ్చును. సెలవులు వచ్చుటయు అప్పుడే. కనుక నీరు పోయువారెవరో ముందుగా నిర్ణయింపక చెట్టును తొట్టిలో పెట్టుట ధర్మము కాదు. కొండలనుండి ముదురుచెట్లను పెకలించి తెచ్చుటయు తగదు. వేసవి ఆరంభమున పలుచని రెక్కలుగల నెమలినార గింజలు గాలికి రాలును. వానిని తాజాగా విత్తి, కొన్నియేండ్లు నేలలో బోదెను లావుకానిచ్చి, పిదప తొట్టికి మార్చుట ఉత్తమ మార్గము.

విద్యార్థులారా! ఈ లెక్క చూచితిరా? ఆరవ తరగతిలో గింజ నాటిన బాలుడు పదవ తరగతి ముగించి బడి విడుచునాటికి బోదె మాత్రమే సిద్ధమగును. ముప్పదిరెండు కొనల కొమ్మను చూచువాడు వేరొకడు. కావున ప్రతి చెట్టునకు ఒక పుస్తకముండవలెను. ఏటేట మాఘమున ఆకు రాలినప్పుడు చెట్టు బొమ్మ గీసి, ఏ కొమ్మను ఎందుకు నిలిపితిరో, దేనిని ఏ ఉద్దేశముతో పొడవుగా విడిచితిరో, తేదీతో వ్రాయవలెను. ఆ వ్రాత లేనిచో తరువాతివాడు లావుకై విడిచిన కొనను అడ్డుగా పెరిగినదని తలంచి ఒక్క కోతతో తీసివేయును. నాటినవాని చేతికి కత్తిరి ఎంత ముఖ్యమో, విడిచిపోవువాని చేతికి కలము అంత ముఖ్యము.